మా పాప బ్యాడ్జి కుట్టొద్దంటోంది. ఏం చేయాలి?

#1 చైతన్యపురి అమ్మ
మా పాపకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. జూన్‌లో స్కూల్లో బుల్‌బుల్స్‌లో, అంటే స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో చిన్న ఆడపిల్లల విభాగంలో చేర్చాం. నిన్న స్కూల్లో ఫంక్షన్ పెట్టి, స్టేజీ మీద ఫ్లాక్‌లోని (వాళ్ల జట్టును అలా అంటారు) ఇరవై నాలుగు మందినీ వరుసగా నిలబెట్టి, ముఖ్య అతిథి చేత అందరికీ కోమల్ పంఖ్ అనే మొదటి మెట్టు బ్యాడ్జిలు ఇప్పించారు. అందరం చప్పట్లు కొట్టాం, ఫోటోలు తీసుకున్నాం.

సంగతేంటంటే మా పాపకు సెప్టెంబర్‌లో డెంగీ వచ్చింది. ఐదు వారాలు స్కూలుకే పోలేదు. లీడర్ ఇచ్చిన కాగితంలో ఉన్న రీఫ్ ముడి, చిన్న గాయానికి కట్టు కట్టడం, ఇంకో రెండు మూడు అంశాలు ఆ ఐదు వారాల్లోనే అయిపోయాయి. మా పాపను ఎవరూ ఏమీ అడగలేదు, పరీక్షా పెట్టలేదు. ఇంటికి రాగానే బ్యాడ్జిని పెన్సిల్ బాక్సులో రబ్బరు కింద పెట్టేసింది. రాత్రి నేను సూది దారం తీసుకుని కూర్చుంటే "అమ్మా, అది కుట్టకు. నాకు ముడి రాదు కదా" అంది.

వాళ్ల నాన్న అయితే "ఇచ్చారు కదా, పెట్టుకో" అన్నాడు. ఏడవలేదు, అలగలేదు. తల అడ్డంగా ఊపి పడుకుంది. ఇప్పుడు స్కూలు గ్రూపులో మెసేజ్ వచ్చింది: సోమవారం గ్రూప్ ఫోటో, అందరూ బ్యాడ్జి కుట్టుకుని రావాలి. నాకు టెన్షన్‌గా ఉంది. కుట్టేసి పంపనా? పిల్ల మాట విననా? యూనిఫాంలో ఇలాంటివి తెలిసినవాళ్లు చెప్పండి.

#2 సూదీ దారం
నేను రామంతాపూర్‌లో టైలరింగ్ చేస్తాను. జూన్, జూలైలో ఈ యూనిఫాంలే ఎక్కువ వస్తాయి. సోమవారం ఫోటోకి నాలుగు టాకాలు వేసి పంపించమ్మా. తర్వాత విప్పేయొచ్చు. పిల్ల ఒక్కతే బ్యాడ్జి లేకుండా నిలబడితే అందరూ దాన్నే చూస్తారు, పాపం.

#3 ఇద్దరాడపిల్లల నాన్న
అక్కా, మీ పాప మాటే వినండి. ఎనిమిదేళ్లకు అంత ఆలోచన ఉన్న పిల్లను మనం తప్పు దారి పట్టించొద్దు.

#4 మెట్టుగూడ రైల్వే కాలనీ
ఇంత ఆలోచించే విషయమా ఇది? మా వాడకట్టులో స్కౌట్స్, గైడ్స్ పిల్లలు చాలామంది ఉన్నారు. ఇప్పుడు బ్యాడ్జి, తర్వాత సర్టిఫికెట్. ప్రవేశ్, ప్రథమ్ సోపాన్, ద్వితీయ, తృతీయ, రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు అని వరుసగా ఎక్కాలి. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది, రాష్ట్రపతి అవార్డు ఉన్నవాళ్లు దానికి అప్లై చేసుకోవచ్చు. మొదటి మెట్టు దగ్గరే వద్దంటే పిల్ల వెనకబడిపోతుంది. కుట్టండి.

#5 ఇద్దరాడపిల్లల నాన్న
#4 అన్నా, ఎనిమిదేళ్ల పిల్లకి రైల్వే కోటా గురించి ఇప్పుడే ఎందుకు? ముందు షూ లేసు ముడి సంగతి చూద్దాం.

#6 ఉప్పల్ టీచరమ్మ
నేను ఫ్లాక్ లీడర్‌ని. ఇంకో స్కూల్లో. పాప లీడర్ తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా, అందుకే రాస్తున్నాను.

మాకు వారానికి ఒక్క పీరియడే ఇస్తారు, శనివారం ఆఖరిది. 40 నిమిషాలు. అందులో పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకురావడానికే పది నిమిషాలు. నా దగ్గర 36 మంది ఉన్నారు. ఒక్కొక్కరితో ముడి వేయించి, కట్టు కట్టించి, ప్రతిజ్ఞ చెప్పించుకుని చూడాలంటే మనిషికి ఐదు నిమిషాలు వేసుకున్నా 180 నిమిషాలు. అంటే మిగిలిన పాఠాలన్నీ ఆపేసి ఆరు శనివారాలు. మధ్యలో ఒక శనివారం సెలవు, ఒక శనివారం వేరే సబ్జెక్ట్ వాళ్లు తీసేసుకుంటారు.

ఇంకో మాట. రెండేళ్ల క్రితం నేను పట్టుబట్టి పరీక్ష పెట్టి, ముప్పై మందిలో పంతొమ్మిది మందికే బ్యాడ్జిలు ఇచ్చాను. మర్నాడు పొద్దున పదకొండు మంది తల్లిదండ్రులు ఆఫీసు ముందు ఉన్నారు. "మా పాప రాత్రంతా ఏడ్చింది", "ఫీజు కట్టలేదా మేము" అని. యాజమాన్యం నన్ను పిలిచి "ఎందుకమ్మా గొడవ, అందరికీ ఇచ్చేయండి" అంది. ఆ తర్వాత నుంచి నేనూ అందరికీ ఇస్తున్నాను. ఇచ్చిన ప్రతిసారీ మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది. ఇవాళ ఈ పాప సంగతి చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

#7 సూదీ దారం
టీచర్ గారూ, మీరు చెప్పింది నిజం. మా షాపు దగ్గర ఇంకో సంగతి చూస్తుంటాను. కొందరు అమ్మలు బ్యాడ్జిలన్నీ సెట్టుగా కొనుక్కొచ్చి "ఇవన్నీ కుట్టెయ్యి, చేతి నిండా ఉండాలి" అంటారు. ఒకావిడ తెచ్చిన డ్రెస్సు మీద నేనే పదకొండు కుట్టాను. ఆ పాప అక్కడే నిలబడి ఉంది. "ఇదేం బొమ్మ నాన్నా?" అని అడిగితే తెలియదంది.

#8 మలక్‌పేట అమ్మీ
బ్యాడ్జి సంగతి తర్వాత చెప్తాను, యూనిఫాం గురించి ఒకటి అడగాలి. మా అమ్మాయి పోయిన ఏడాది బుల్‌బుల్స్‌లో చేరింది. లీడర్ ఫ్రాకే వేయాలన్నారు. మా ఇంట్లో సల్వార్ కమీజ్ అయితేనే పంపిస్తామన్నారు. ఆ గొడవలో పిల్ల రెండు నెలలు మామూలు స్కూల్ డ్రెస్సులోనే పక్కన నిలబడింది. మీ దగ్గర కూడా ఇలాగే ఉందా?

#9 బీటెక్ రేంజర్
#8 ఆపా, సల్వార్ కమీజ్‌కి నిబంధనల్లోనే వీలుంది. ఫ్రాక్ అయినా, సల్వార్ కమీజ్ అయినా వేసుకోవచ్చు. రంగు, బెల్టు, స్కార్ఫ్, టోపీ సరిగ్గా ఉంటే చాలు. నేను మూడో తరగతి నుంచి ఇందులోనే ఉన్నాను, బుల్‌బుల్, గైడ్ అయ్యి ఇప్పుడు రేంజర్. గైడ్‌గా ఉన్నన్ని రోజులూ సల్వార్ కమీజే. క్యాంపులో చెట్టెక్కడానికి, నేల మీద కూర్చోవడానికి అదే హాయి.

అలాగే #6 టీచర్ గారికి ఒక మాట, తప్పుగా అనుకోకండి. ఒక ఫ్లాక్‌లో 24 మందిని మించి ఉండకూడదు. ఆరుగురికొక సిక్స్, అలా నాలుగు సిక్స్‌లు. మీ 36 మంది అంటే నిజానికి రెండు ఫ్లాక్‌లు, ఇద్దరు లీడర్లు కావాలి. మీ మీద పెట్టిన బరువే ఎక్కువ. పిల్లలూ, మీరూ ఇద్దరూ నలుగుతున్నారు.

#10 ఉప్పల్ టీచరమ్మ
తెలుసమ్మా. ట్రైనింగ్‌లో చెప్పారు. రెండో లీడర్‌ని అడిగితే "వచ్చే ఏడాది చూద్దాం" అంటున్నారు. ఇది మూడో వచ్చే ఏడాది.

#11 మలక్‌పేట అమ్మీ
థాంక్స్ బేటా #9. అప్పుడు మాకు ఎవరూ ఈ మాట చెప్పలేదు. చివరికి నేనే స్కూలుకెళ్లి అడిగితే "సరే వేసుకురండి" అన్నారు. అంతే. రెండు నెలలు ఊరికే పోయాయి. తను మొదటిసారి స్కార్ఫ్ కట్టుకున్న రోజు అద్దం ముందు ఎడమచేత్తో షేక్‌హ్యాండ్ ప్రాక్టీస్ చేసింది, తనకి తనే.

#12 మెట్టుగూడ రైల్వే కాలనీ
ఎడమచెయ్యి ఎందుకు? మన దగ్గర ఎడమచేత్తో ఇవ్వడం మర్యాద కాదు కదా.

#13 నల్లకుంట పాత గైడ్
స్కౌట్స్, గైడ్స్ ప్రపంచమంతా ఎడమచేతినే కలుపుతారు నాయనా. అది నమ్మకానికి గుర్తని మాకు చెప్పేవారు. ఈ చర్చ రాత్రి మా కోడలు చూపించింది. నిద్ర పట్టక పొద్దున్నే లేచి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది.

నేను గైడ్స్‌లో ఉన్నది 1980ల మొదట్లో, నల్లకుంటలో ఆడపిల్లల హైస్కూల్లో. దోమల్‌గూడలో స్కౌట్స్ అండ్ గైడ్స్ ఆఫీసుకి ర్యాలీలప్పుడు తీసుకెళ్లేవారు. నాకు కుక్ బ్యాడ్జి కావాలని బాగా పట్టుదల. మా పెట్రోల్‌లో, అంటే మా చిన్న జట్టులో, ఎవరికీ లేదు. పరీక్ష స్కూలు వెనక గ్రౌండ్‌లో. మూడు ఇటుకలు పెట్టి, పుల్లలతో మంట వేసి, అన్నం, పప్పు వండాలి. చూడడానికి ఇంకో స్కూలు కెప్టెన్, అంటే అక్కడి గైడ్స్ లీడర్, వచ్చారు. పొడుగ్గా ఉండేవారు, ఖద్దరు చీర కట్టేవారు.

పుల్లలు పచ్చివి. ముందురోజు వాన పడింది. ఊది ఊది కళ్లు మండిపోయాయి. అన్నం పైన ఉడికింది, కింద మాడింది, మధ్యలో పలుకు. పప్పు మాత్రం బాగానే కుదిరింది. ఆవిడ మూత తీసి, గరిటెతో అడుగు దాకా గీకి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలారు. మొత్తం తిన్నారు, ఉమ్మేయలేదు. తర్వాత "పప్పు చాలా బాగుంది. అన్నం ఇంకోసారి వండి చూపించు, నేను నెల తర్వాత వస్తాను" అన్నారు. బ్యాడ్జి ఇవ్వలేదు.

ఆ నెల రోజులు ఇంట్లో పొయ్యి దగ్గర నుంచి మా అమ్మ నన్ను లేపలేకపోయింది. ఎండు పుల్లల్ని గోనెసంచిలో చుట్టి మంచం కింద దాచుకున్నాను, వాన పడినా తడవకుండా. నెల తర్వాత ఆవిడ మాట ప్రకారం వచ్చారు. అన్నం మెతుకు మెతుకు విడిగా వచ్చింది. ఆవిడే పర్సులోంచి సూది తీసి నా కుడి చేతి మీద ఆ బ్యాడ్జి కుట్టారు. ఆ గుడ్డ ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ రోజు నాకు ఊరికే ఇచ్చేసి ఉంటే, ఇప్పుడు గుర్తుండేది కూడా కాదు.

ఈ పాప ముడి రాదని బ్యాడ్జి వద్దందంటే, ఆ పాపకు బ్యాడ్జి అంటే ఏంటో అందరికంటే బాగా తెలుసు. కుట్టకండి.

#14 ఇద్దరాడపిల్లల నాన్న
పెద్దమ్మా, చదువుతుంటే అన్నం మాడిన వాసన వచ్చింది నాకు.

నేనొకటి ఒప్పుకోవాలి. #6 టీచర్ గారు చెప్పిన ఆఫీసు ముందు నిలబడే తండ్రుల్లో నేనూ ఒకణ్ణి, వేరే స్కూల్లో. మా పెద్దదానికి కోమల్ పంఖ్ తర్వాత వచ్చే రజత్ పంఖ్ రాలేదని పోయిన ఏడాది వెళ్లి గట్టిగా మాట్లాడాను. రెండు రోజుల తర్వాత ఇచ్చారు. మా అమ్మాయి దాన్ని పెట్టుకుంది కానీ ఫ్రెండ్స్ "మీ నాన్న అడిగి తెప్పించాడు" అన్నారట. ఇప్పుడు ఆ బుల్‌బుల్స్‌కే పోనంటోంది. అందుకే #3లో అలా రాశాను.

#15 సూదీ దారం
#13 చదివాక నా మాట మార్చుకుంటున్నాను. టాకాలు కూడా వేయొద్దు.

#16 చైతన్యపురి అమ్మ
అందరికీ థాంక్స్. నిన్న రాత్రంతా ఇదే చదివాను. ఆదివారం కదా, పొద్దున పాపను కూర్చోబెట్టి అడిగాను, "ముడి నేర్చుకుంటావా?" అని. సరే అంది. నా పాత చున్నీలు రెండు, ఎరుపొకటి, పచ్చదొకటి తీసుకున్నాం, ఏ కొస ఎటు పోతుందో కనపడాలని. నాకూ రాదు ఆ ముడి! ఎవరైనా మాటల్లో చెప్పగలరా? వీడియోలు చూస్తే చేతులు తిరగబడుతున్నాయి.

#17 బీటెక్ రేంజర్
చెప్తానక్కా. ఎరుపు కొస ఎడమచేతిలో, పచ్చ కొస కుడిచేతిలో పట్టుకోమనండి. ఎడమది కుడిదాని మీదుగా వేసి కిందనుంచి తీయాలి. ఇప్పుడు ఎరుపు కుడివైపుకొచ్చింది కదా. ఆ కుడివైపున్నది ఎడమదాని మీదుగా వేసి కిందనుంచి తీయాలి. "ఎడమ కుడి మీద, కుడి ఎడమ మీద" అని పాడుకుంటూ వేస్తే మర్చిపోదు. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే అడ్డదిడ్డంగా వస్తుంది, లాగితే జారుతుంది. సరిగ్గా వస్తే రెండు ఉచ్చులు ఒకదానిలో ఒకటి దూరి చదునుగా ఉంటాయి, ఒకే రంగు కొసలు రెండూ ఒకే పక్కన ఉంటాయి. గాయానికి కట్టు కట్టేటప్పుడు ఇదే వేస్తారు, చదునుగా ఉంటుంది, ఒంటికి గుచ్చుకోదు.

#18 అల్వాల్ తాతయ్య
మా మనవరాలు ఈ ముడి నేర్చుకునే రోజుల్లో నేను పేపర్ చదువుకుంటుంటే నా పంచె కొంగును కుర్చీ కోడుకి కట్టింది. లేచేసరికి కుర్చీ కూడా నాతో పాటే వచ్చింది. ముడి మాత్రం జారలేదు. పరీక్ష పాసని నేనే చెప్పాను.

#19 మలక్‌పేట అమ్మీ
తాతయ్యా, మా ఇంట్లో మేక మెడకి కట్టింది మా అమ్మాయి. అది కూడా జారలేదు.

#20 మెట్టుగూడ రైల్వే కాలనీ
నేను #4లో కోటా గురించి రాసినందుకు అందరూ నన్ను అనుకుంటున్నారేమో. పిల్లల మేలు కోరే రాశాను. కష్టపడి రాష్ట్రపతి అవార్డు తెచ్చుకుని, ఆ కోటాలో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి మా పక్క క్వార్టర్‌లోనే ఉంది. ఆమెను ఇవాళ అడిగాను. "అంకుల్, కోమల్ పంఖ్ పరీక్ష నేను రెండుసార్లు తప్పాను. ఆ దశలో ఎంత ఆలస్యమైనా ఏం కాదు" అంది. సరే, నేను కూడా #15 లాగే.

#21 ఉప్పల్ టీచరమ్మ
#9 అమ్మాయికి: నీ మాట నాకు పట్టుకుంది. ఇవాళ కూర్చుని లెక్క వేశాను. నా దగ్గర ఆరు సిక్స్‌లు ఉన్నాయి, ఒక్కో సిక్స్‌కి ఒక సిక్సర్, అంటే ఆ ఆరుగురికీ లీడర్ పిల్ల. మా స్కూల్లో ఐదు నుంచి తొమ్మిది తరగతుల్లో గైడ్స్ ఉన్నారు. శనివారం ఆరుగురు గైడ్స్‌ని ఇమ్మని కెప్టెన్‌ని అడిగితే, ఒక్కొక్కరు ఒక సిక్స్ దగ్గర కూర్చుని ముడి, కట్టు వేయించి చూస్తారు. నేను తిరుగుతూ ఆఖరుసారి చూసుకుంటాను. అలా అయితే రెండు శనివారాల్లో పని అవుతుంది. ఇన్నేళ్లు ఇది నాకెందుకు తట్టలేదో.

#22 బీటెక్ రేంజర్
చాలా మంచి పద్ధతి టీచర్. మా చిన్నప్పుడు గైడ్ అక్కలే నేర్పారు. లీడర్ ముందు భయం వేసేది, అక్క ముందు వేసేది కాదు.

#23 నల్లకుంట పాత గైడ్
గైడ్స్ మొదలైన తీరే గుర్తొస్తోంది. 1909లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర మగపిల్లల స్కౌట్ ర్యాలీ జరిగితే, ఎవరూ పిలవకుండానే కొంతమంది ఆడపిల్లలు తమంతట తాము స్కౌట్ టోపీలు, స్కార్ఫులు సమకూర్చుకుని వచ్చి నిలబడ్డారు. మమ్మల్నీ చేర్చుకోమన్నారు. స్కౌట్స్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ తన చెల్లెలు ఆగ్నెస్‌కి ఆ పని అప్పగించాడు, 1910లో గర్ల్ గైడ్స్ మొదలైంది. మన దేశంలో మొదటి గైడ్ కంపెనీ (గైడ్స్ జట్టు) 1911లో జబల్‌పూర్‌లో పెట్టారు. ఇప్పుడు మనమున్న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 7 నవంబర్ 1950న ఏర్పడింది, 1951 ఆగస్టు 15న గైడ్స్ సంఘం అందులో కలిసింది.

ఆ మొదటి పిల్లలకి ఎవరూ ఏ బ్యాడ్జీ ఇవ్వలేదు. ముందు వచ్చి నిలబడ్డారు. ఈ పాప కూడా ఆ జాతే.

#24 సూదీ దారం
కొత్తగా యూనిఫాం కొనేవాళ్లకి నాలుగు మాటలు, మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి.

నీలం అని చెప్పి షాపుకి పోకండి. కోఠిలో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో నీలం అంటే మూడు నాలుగు రకాలు తీసి పరుస్తారు. లైటు వెలుగులో అన్నీ ఒకేలా ఉంటాయి, ఎండలో నిలబెడితే వేరు. స్కూలు నుంచి అరచేయంత గుడ్డ ముక్క తీసుకెళ్లి, షాపు బయటికొచ్చి ఎండలో పోల్చుకోండి. పూర్తి పాలిస్టర్ వద్దు, మన ఎండలకి పిల్ల ఉడికిపోతుంది. కాటన్ కలిసింది తీసుకోండి, ఇస్త్రీ కాస్త కష్టమైనా సరే.

ఎనిమిదేళ్ల పిల్లకి కుట్టించేటప్పుడు కింద మూడు అంగుళాలు మడత వదలమని టైలర్‌కి గట్టిగా చెప్పండి. భుజాల దగ్గర కుట్టు లోపల కూడా బట్ట వదలాలి. ఏడాదికి ఒకసారి విప్పుకుంటే మూడేళ్లు వస్తుంది. బెల్టుకి ముందే రెండు చిల్లులు ఎక్కువ కొట్టించండి.

#25 చైతన్యపురి అమ్మ
అక్కా, ఇది జూన్‌లో చదివి ఉంటే బాగుండేది. నాకు మొత్తం 1,900 అయింది, డ్రెస్సు, బెల్టు, టోపీ, స్కార్ఫ్, షూ అన్నీ కలిపి. కింద మడత ఒక్క అంగుళమే ఉంది.

#26 మలక్‌పేట అమ్మీ
1,900 చాలామందికి భారమే. మా గల్లీలో ఒకామె కూతుర్ని అందుకే మానిపించింది. పిల్లకి పదేళ్లు నిండితే గైడ్స్‌లోకి వెళ్తుంది, బుల్‌బుల్ యూనిఫాం మళ్లీ పనికిరాదు. పెద్ద పిల్లలవి చిన్న పిల్లలకి ఇచ్చుకోవచ్చు కదా?

#27 ఉప్పల్ టీచరమ్మ
మా దగ్గర ట్రంకు పెట్టె ఉంది. గైడ్స్‌లోకి వెళ్లే ప్రతి పిల్లా ఉతికి ఇస్త్రీ చేసిన ఫ్రాకుని అందులో పెడుతుంది. ఈ ఏడాది తొమ్మిది మంది అందులోంచే వేసుకున్నారు. ఎవరిది ఎవరు వేసుకున్నారో మేం చెప్పం. బ్యాడ్జిలు మాత్రం ముందే విప్పించేస్తాం, అవి సంపాదించుకున్న పిల్లవి.

#28 సూదీ దారం
విప్పాక ఆ చోట ముదురు రంగు గుండ్రంగా మచ్చలా కనిపిస్తుంది, చుట్టూ కుట్టు చిల్లులు. నానబెట్టి, తిరగేసి ఇస్త్రీ చేస్తే చిల్లులు చాలావరకు మూసుకుంటాయి. రంగు తేడా మాత్రం పోదు.

#29 అల్వాల్ తాతయ్య
ఆ మచ్చ పోకపోతేనేం. అంతకుముందు ఆ గౌను వేసుకున్న పిల్ల ఏదో సాధించిందని తెలుస్తుంది.

#30 ఇద్దరాడపిల్లల నాన్న
చైతన్యపురి అక్కా, సోమవారం ఏమైంది? అందరం ఎదురుచూస్తున్నాం.

#31 చైతన్యపురి అమ్మ
ఆలస్యమైంది, క్షమించండి. ఆఫీసు పని.

సోమవారం బ్యాడ్జి కుట్టకుండానే పంపాను. లీడర్‌కి ఒక చీటీ రాసిచ్చాను: "పాప డెంగీ వల్ల ఐదు వారాలు రాలేదు. ముడి, కట్టు ఇంకా నేర్చుకుంటోంది. వచ్చాక మీరు చూసి ఇస్తే పెట్టుకుంటానంటోంది. మీ మీద ఏ కంప్లైంటూ లేదు." ఆ ఆఖరి వాక్యం మా ఆయన రాయమన్నాడు. బ్యాడ్జిని కూడా ఆ చీటీలో మడతపెట్టి పంపాం.

ఫోటోలో చివరి వరుసలో ఉంది, బ్యాడ్జి లేకుండా. ఎవరూ ఏమీ అనలేదట. సాయంత్రం లీడర్ ఫోన్ చేశారు. కోప్పడతారేమో అనుకున్నాను. మొదట ఏం మాట్లాడలేదు, తర్వాత "మీ పాప చీటీ ఇచ్చి వెళ్లాక ఇంకో నలుగురు వచ్చి బ్యాడ్జిలు నా టేబుల్ మీద పెట్టారండీ" అన్నారు. ఒక పాప అయితే ఫ్రాకు మీద కుట్టినదాన్ని పళ్లతో తెంపుకుని తెచ్చిందట. ఆ నలుగురికీ కట్టు కట్టడం రాదట. వచ్చే రెండు శనివారాలు స్కూలు అయ్యాక అరగంట ఉండి అందరికీ మళ్లీ పెడతానన్నారు. ఉప్పల్ టీచర్ గారి పద్ధతి చెప్పాను, పెద్ద క్లాసు అమ్మాయిల్ని అడుగుతానన్నారు.

#32 నల్లకుంట పాత గైడ్
ఆ లీడర్‌ని మెచ్చుకోవాలి. టేబుల్ మీద ఐదు బ్యాడ్జిలు చూసి కోపం తెచ్చుకోని మనిషి ఆవిడ.

#33 ఉప్పల్ టీచరమ్మ
అరగంట ఎక్కువ ఉంటానందంటే ఆ టీచర్ బస్సు తప్పిపోతుంది. వీలైతే ఆ రెండు శనివారాలు తల్లులెవరైనా తోడుండండి. నాకు తెలుసు ఆ అలసట.

#34 చైతన్యపురి అమ్మ
నేను ఉంటానన్నాను. ఇంకో ఇద్దరు అమ్మలు కూడా. ఒకరు టీ ఫ్లాస్కు తెస్తామన్నారు.

#35 మెట్టుగూడ రైల్వే కాలనీ
పాపకి ముడి వచ్చిందా?

#36 చైతన్యపురి అమ్మ
వచ్చింది. సోమవారం నుంచి ఇంట్లో ఏదీ ఊరికే ఉండనివ్వడం లేదు. చున్నీలు, టవళ్లు, కరివేపాకు కట్ట. నిన్న కళ్లు మూసుకుని వేసి చూపించింది. కట్టు మాత్రం ఇంకా వదులు. వాళ్ల నాన్న మోచేతికి కడితే నడిచేసరికి మణికట్టు దగ్గరికి జారింది. శనివారానికి ఇంకా మూడు రోజులుంది.

#37 బీటెక్ రేంజర్
ముందు మోచేయి కాస్త వంచి పెట్టమనండి అంకుల్‌ని. చాచి కడితే వంచినప్పుడు జారుతుంది. ఒక చుట్టు మోచేతి మీద, ఒకటి కింద, ఒకటి పైన, అలా ఎనిమిది అంకెలా వేస్తే కదలదు.

#38 చైతన్యపురి అమ్మ
మొదటి శనివారం అయింది. మా పాపని ఎనిమిదో తరగతి అమ్మాయి చూసింది. ముడి ఒక్కసారికే. కట్టు రెండోసారికి. లీడర్ బ్యాడ్జి తిరిగి ఇచ్చారు. ఇంటికొస్తూ దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర బండి మీద వెనక కూర్చుని "అమ్మా, ఇంటికెళ్లగానే కుడదాం, ఇంకెక్కడా ఆగొద్దు" అంది. కూరగాయలు కూడా కొననివ్వలేదు.

సూదీ దారం అక్కా, ఎడమ చేతి మీద కదా? ఎంత కింద కుట్టాలి? దారం ఏ రంగు? సూది నేనే ఎక్కించాలట, కుట్టేది మాత్రం తనేనట.

#39 సూదీ దారం
ఎడమ చేతి మీదే. ఎంత కిందో లీడర్‌ని అడిగి సుద్దతో గీత గీసివ్వు. దారం బ్యాడ్జి అంచు రంగుది, ఒంటి పోగు. ముందు మధ్యలో ఒక పిన్నీసు పెట్టి కదలకుండా చూడు, పాప కుట్టేటప్పుడు వేలికి గుచ్చుకోకుండా నువ్వు చెయ్యి లోపల పెట్టి పట్టుకో. కుట్లు వంకరొచ్చినా విప్పి మళ్లీ నువ్వు కుట్టకు. మరీ దగ్గర దగ్గరగా వేయొద్దని చెప్పు, రజత్ పంఖ్ వచ్చినప్పుడు దీన్ని విప్పాలి.